రినైసాన్స్ కాలపు లాటిన్ స్తుతి గీతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సంగీతం గురించి నన్ను అడిగేవాళ్లలో కొందరు యూట్యూబ్‌లో అనుకోకుండా ఒక పాట విని, రాత్రంతా దాన్నే మళ్లీ మళ్లీ పెట్టుకున్నవాళ్లు. ఇంకొందరు చర్చి క్వయర్‌లో పాడుతూ "ఇది మనవల్ల అవుతుందా?" అని ఆలోచిస్తున్నవాళ్లు. ఇద్దరూ అడిగేది చాలావరకు ఒకటే. విడివిడిగా జవాబులు రాసి రాసి, చివరికి అన్నీ ఒక్కచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ సందేహం దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## అసలు ఇదేమిటి?

లాటిన్‌లో పాడే ప్రతి చర్చి పాటనూ స్తుతి గీతం అనొచ్చా?

అనకూడదు. లాటిన్‌లో హిమ్నుస్ అంటే ఛందస్సులో రాసిన పద్యం. దానికి చరణాలుంటాయి, అన్ని చరణాలకూ ఒకే మెట్టు. మఠాల్లో, పెద్ద చర్చిల్లో రోజూ నిర్ణీత వేళల్లో జరిగే ప్రార్థనల్లో, ముఖ్యంగా వెస్పర్స్ అనే సాయంకాల ప్రార్థనలో వీటిని పాడేవారు. ఆవె మారిస్ స్తెల్లా, పాంజె లింగ్వా, వేనీ క్రెయాతోర్ స్పిరితుస్ ఈ కోవలోవి.

చాలామంది ఇష్టపడే మిసెరేరె బైబిల్ కీర్తన, స్తుతి గీతం కాదు. మాగ్నిఫికాత్ లూకా సువార్తలో మరియమ్మ పాడిన పాట. స్తాబాత్ మాతెర్ పద్యమే అయినా సీక్వెన్స్ అనే వేరే జాతికి చెందింది. తే దేయుమ్‌ను అందరూ హిమ్ అనే పిలుస్తారు గానీ దానికి చరణాలు లేవు, అది వచనం. ఈ తేడా తెలిస్తే పాట నడక ముందే తెలుస్తుంది: స్తుతి గీతమైతే మెట్టు చరణం చరణానికీ తిరిగి వస్తుంది.

పాలిఫొనీ అంటే హార్మొనీతో పాడటమేగా?

కొంతవరకే. సినిమా పాటలో కోరస్ వస్తే అసలు బాణీ ఒకటే ఉంటుంది, మిగతా గొంతులు దానికి అండగా నిలుస్తాయి. పాలిఫొనీలో నలుగురు పాడితే నాలుగు బాణీలు. ఒక గొంతు ఒక మాట ఎత్తుకుంటుంది. అది సగంలో ఉండగానే రెండో గొంతు అదే మాటను వేరే స్థాయిలో అందుకుంటుంది. తర్వాత మూడోది, నాలుగోది. ఏ గొంతును విడిగా తీసి పాడినా అందంగానే ఉంటుంది. అవి కలిసినచోట పుట్టే హార్మొనీ ఈ నడకల ఫలితం. స్వరకర్త ముందు చూసుకున్నది నడకలనే.

ఒకే బాణీని వినే అలవాటున్న మన చెవికి మొదట్లో ఇది గుంపు మాటల్లా అనిపించడం సహజం. పాట మొత్తం ఒకే గొంతు వెంట వెళ్లండి. రెండోసారి ఇంకో గొంతును పట్టుకోండి.

ఇది ఏ కాలం నాటిది? మనకు తెలిసిన ఎవరితోనైనా పోల్చి చెప్పగలరా?

దాదాపు 1400 నుంచి 1600 వరకు. మొదటి తరంలో పెద్ద పేరు గియోమ్ దుఫై, 1474లో చనిపోయాడు. అన్నమయ్య (1408–1503) తిరుమలలో సంకీర్తనలు పాడుతున్న రోజుల్లోనే దుఫై ఉత్తర ఫ్రాన్స్‌లోని కాంబ్రే చర్చిలో పాటలకు స్వరాలు కడుతున్నాడు. ఆ రెండు లోకాలకూ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు, కానీ ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే కాలం కళ్లకు కడుతుంది.

ఆ తర్వాత జోస్కాన్ దే ప్రే (మరణం 1521), ఇంగ్లండ్‌లో థామస్ టాలిస్ (1585), రోమ్‌లో పాలెస్ట్రీనా (1594), స్పెయిన్‌కు చెందిన తొమాస్ లూయిస్ దె విక్తోరియా (1611), మళ్లీ ఇంగ్లండ్‌లో విలియం బర్డ్ (1623).

మాటలు కూడా వాళ్లే రాశారా?

లేదు, మాటలు చాలా పాతవి. మిలాన్ బిషప్ అంబ్రోజ్ 4వ శతాబ్దంలో ఈ రకం పద్యాలకు బాట వేశాడు. వెక్సిల్లా రేజిస్ పాటను వెనాన్షియస్ ఫోర్చునాటస్ 569లో రాశాడు. క్రీస్తు సిలువ ముక్కగా భావించిన అవశేషాన్ని ఫ్రాన్స్‌లోని పోయితియే పట్నానికి ఊరేగింపుగా తెచ్చినప్పుడు పాడటానికి రాసింది అది. వేనీ క్రెయాతోర్ 9వ శతాబ్దం నాటిది. దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరరక్తాలుగా భావించే రొట్టె, ద్రాక్షరసం) మీద రాసిన పాంజె లింగ్వా థామస్ అక్వినాస్‌ది, 13వ శతాబ్దం.

అంటే జోస్కాన్ చేతికి వచ్చేసరికే ఈ పాటలు జనం నోళ్లలో వందల ఏళ్లు నానినవి. మాటా, మెట్టూ రెండూ వినేవాళ్లకు కంఠస్థం. స్వరకర్త ధైర్యమంతా అక్కడిదే. మెట్టును ఎంత సాగదీసినా, ఎంత లోపల దాచినా జనం పోల్చుకుంటారని అతనికి తెలుసు.

నేను క్రైస్తవుణ్ణి కాను. వినొచ్చా? పాడొచ్చా?

నిస్సంకోచంగా. ప్రపంచంలో ఈ పాటలు పాడే బృందాల్లో అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ ఉన్నారు. ఒక్కటి మాత్రం అడుగుతాను: మాటల అర్థం తెలుసుకుని పాడండి. ఇవి ఎవరో నిజంగా ప్రార్థించిన మాటలు. త్యాగరాజ కీర్తన పాడే అన్యమతస్థుల నుంచి మనం ఏ మర్యాద కోరుకుంటామో అదే ఇక్కడా చూపిస్తే చాలు.

## వినడం మొదలుపెట్టినప్పుడు

మొట్టమొదట ఏది వినాలి?

టాలిస్ చేసిన తె లూచిస్ ఆంతె తెర్మినుమ్. రాత్రి పడుకోబోయే ముందు ప్రార్థనలో పాడేది. "వెలుగు పోకముందే నిన్ను వేడుకుంటున్నాం" అని మొదలవుతుంది. మూడే చరణాలు. మొదటిది, మూడోది సాదా చాంట్, అంటే అందరూ ఒకే బాణీగా పాడే పాత చర్చి మెట్టు. నడిమి చరణం, అంటే పీడకలలు దూరంగా పోవాలని కోరేది, ఐదు గొంతుల్లో వస్తుంది. రెండు మూడు నిమిషాల్లో ఈ సంగీతం పద్ధతంతా అర్థమైపోతుంది.

తర్వాత విక్తోరియా ఆవె మారిస్ స్తెల్లా. అది పట్టుబడ్డాక జోస్కాన్ మిస్సా పాంజె లింగ్వా, అంటే పాంజె లింగ్వా మెట్టు మీద కట్టిన మాస్ (కాథలిక్ పూజకు కట్టిన సంగీతం). ది టాలిస్ స్కాలర్స్ అనే ఇంగ్లండ్ గాయక బృందం చేసిన దాని రికార్డింగ్ 1987లో గ్రామఫోన్ పత్రిక ఇచ్చే ఆ ఏటి ఉత్తమ రికార్డు పురస్కారం గెలిచింది. ప్రాచీన సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఏది విన్నా ముందుగా దాని సాదా చాంట్‌ను నాలుగైదుసార్లు విని, కూనిరాగం తీసేంతగా నేర్చుకోండి. నేను మొదటి రెండేళ్లు అది చేయలేదు. ఎన్నో పాటలు విని "బాగుంది" అనుకుని వదిలేశాను. చాంట్ నేర్చుకున్నాక అవే పాటలు మళ్లీ వింటే కొత్తగా వినిపించాయి. ఎందుకంటే ఈసారి లోపల ఏముందో నాకు తెలుసు.

ఒక చరణం అందరూ ఒకే బాణీలో పాడుతున్నారు, తర్వాతది నాలుగు గొంతుల్లో. రికార్డింగ్‌లో ఏమైనా తేడా ఉందా?

తేడా లేదు, పద్ధతే అది. దీన్ని అల్తెర్నాతిమ్ అంటారు, అంటే వంతులవారీగా. ఒక చరణం పాత చాంట్‌లో ఒకే బాణీగా, తర్వాతి చరణం పాలిఫొనీలో, మళ్లీ చాంట్. చాలా స్తుతి గీతాలకు స్వరకర్తలు సగం చరణాలకే పాలిఫొనీ కట్టారు. మిగతా సగం ఎలాగూ చాంట్‌లో వస్తుందని అందరికీ తెలుసు కనుక ఆ స్వరాలను పుస్తకంలో రాయకుండా వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు పాట ఒకటుంది: కొందితోర్ ఆల్మె సీదెరుమ్, "నక్షత్రాలను చేసిన దయామయా" అని. దాన్నే తీసుకోండి. ఆరు చరణాలు. పాలెస్ట్రీనా 1, 3, 5 చరణాలకు పాలిఫొనీ కట్టాడు. విక్తోరియా 2, 4, 6కు కట్టాడు. పాలెస్ట్రీనా పాటలో మొదటి మాటలు ఒక్కరు చాంట్‌గా ఎత్తుకుంటారు, ఆ వెంటనే గొంతులన్నీ కలుస్తాయి. విక్తోరియాలో మొదటి చరణమంతా సాదాగా పూర్తయ్యాకే తలుపు తెరుచుకుంటుంది. నాకు విక్తోరియా దారి ఎక్కువ ఇష్టం. మెట్టు మొత్తం చెవిలో పడ్డాక పాలిఫొనీ మొదలవుతుంది కాబట్టి ఆ మెట్టు ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలుస్తుంటుంది.

కొన్ని రికార్డింగుల్లో చాంట్ చరణాలు తీసేసి పాలిఫొనీ మాత్రమే అతికిస్తారు. అలాంటివి మొదట్లో వినకండి. పద్యంలో సగం పోతుంది, ఊపిరి తీసుకునే చోటు కూడా పోతుంది.

పాత మెట్టు పాలిఫొనీలో దాగి ఉంటుందంటారు. నాకు వినిపించదే?

దాచే దారులు మూడున్నాయి, ఒక్కోదాన్ని ఒక్కోలా వెతకాలి.

మొదటిది, మెట్టును పై గొంతులో పెట్టి కాస్త అలంకరించడం. దుఫై ఆవె మారిస్ స్తెల్లా ఇలాంటిదే. పై గొంతును వింటే మెట్టు దొరుకుతుంది. ఇందులో ఇంకో ముచ్చట: దుఫై రాసింది పై గొంతు, కింది గొంతు మాత్రమే. నడిమి గొంతు పాడేవాడు పై గొంతు కంటే నాలుగో స్వరం కింద ఉంటూ దాన్నే అనుసరించాలి, రాత అక్కర్లేదు. ఈ పద్ధతి పేరు ఫోబూర్దాఁ. వినడానికి మెత్తగా, తియ్యగా ఉంటుంది.

రెండోది, ఒక గొంతు మెట్టును పొడుగు పొడుగు స్వరాల్లో నెమ్మదిగా పాడుతుండగా మిగతావి దాని చుట్టూ వేగంగా తిరగడం. సాధారణంగా ఆ భారం మోసేది టెనర్. లాటిన్‌లో పట్టుకోవడం అనే అర్థమున్న మాట నుంచే ఆ గొంతుకు ఆ పేరు వచ్చింది.

మూడోది కష్టం, అందం కూడా దానిలోనే ఎక్కువ. మెట్టును ముక్కలు చేసి అన్ని గొంతులకూ పంచడం. జోస్కాన్ మిస్సా పాంజె లింగ్వాలో పాటలోని ఒక్కో పాదం ఒక్కో చిన్న బాణీ అవుతుంది. ఒక గొంతు దాన్ని ఎత్తుకుని, రెండు మూడు స్వరాలయ్యాక సొంత దారి పడుతుంది. ఇంకో గొంతు వచ్చి అదే ఎత్తుకుంటుంది. మెట్టు ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా ఉండదు, అందరి దగ్గరా కొంచెం ఉంటుంది. అలా నడిచి నడిచి, మాస్ చివర వచ్చే ఆగ్నుస్ దేయి అనే భాగంలో, ఆఖరిసారి, పై గొంతు పాంజె లింగ్వా మెట్టును పొడుగు స్వరాల్లో విప్పి పాడుతుంది. అరగంట నుంచి ముక్కలుగా విన్నది అక్కడ ఒక్కటవుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చోట నా చేతిలో పని ఆగిపోతుంది.

తాళం లేనట్టు తేలిపోతోంది. నిజంగా లేదా?

ఉంది. తాక్తుస్ అంటారు. చెయ్యి దించడం, ఎత్తడం, అంతే. మనిషి నాడి అంత నిదానంగా ఉంటుందని ఆ కాలపు రచయితలు వర్ణించారు. కానీ నాలుగు గొంతుల ఊనికలు ఒకేచోట పడవు. ఒకరి మాట తాళం మీద మొదలైతే ఇంకొకరిది సందులో మొదలవుతుంది. బయటి నుంచి వినేవాళ్లకు తేలిపోతున్నట్టు ఉంటుంది, లోపల పాడేవాళ్లు మాత్రం గట్టిగా లెక్కపెడుతూనే ఉంటారు. అప్పటి రాతలో తాళాన్ని విడదీసే నిలువు గీతలు (బార్ లైన్లు) కూడా లేవు. ఇప్పటి పుస్తకాల్లో కనిపించే గీతలు తర్వాతివాళ్లు మన సౌకర్యం కోసం గీసినవి.

అన్నీ ఒకేలా, విచారంగా ఎందుకుంటాయి?

అప్పటికి మేజర్, మైనర్ అనే రెండు స్కేళ్ల పద్ధతి స్థిరపడలేదు. చర్చి సంగీతంలో ఎనిమిది మోడ్‌లు, అంటే స్వరాల అమరికలు, ఉండేవి. మన కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఆవె మారిస్ స్తెల్లా మొదటి మోడ్‌లో ఉంది. దాని స్వరస్థానాలు ఖరహరప్రియవి. పాంజె లింగ్వా మూడో మోడ్, స్వరస్థానాలు హనుమతోడివి. వేనీ క్రెయాతోర్ ఎనిమిదో మోడ్, అది హరికాంభోజికి దగ్గర. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం కలిసినట్టు కాదు. ఇక్కడ గమకం లేదు, సంచారం వేరు. అయినా హార్మోనియం మీద ఆ స్వరాలు ఒకసారి వాయించి, తర్వాత పాట వినండి. "విచారం" అనుకున్నది నిజానికి మూడు రకాల రంగులని తెలుస్తుంది.

వాయిద్యాలు అసలు ఉండేవి కావా?

చోటును బట్టి. రోమ్‌లో పోప్ సిస్టీన్ చాపెల్‌లో గొంతులు మాత్రమే. వాయిద్యం లేని పాటకు వాడే ఆ కాపెల్లా అనే మాటకు అర్థం "చాపెల్ పద్ధతిలో" అని. స్పెయిన్‌లో అలా కాదు. సెవిల్ చర్చిలో ఊదే వాయిద్యాలవాళ్లకు జీతాలిచ్చి పెట్టుకున్నారు. అక్కడి స్వరకర్త ఫ్రాన్సిస్కో గెర్రెరో 1586లో, ఎవరు ఎప్పుడు అలంకారాలు వాయించాలో వాళ్లకు రాతపూర్వకంగా నియమాలిచ్చాడు. ఒకరు అలంకరిస్తుంటే మిగతావాళ్లు ఉన్నదున్నట్టు వాయించాలన్నది అందులో ఒకటి. చాలాచోట్ల చాంట్ చరణాలకు బదులు ఆర్గన్ వాయించడమూ ఉండేది.

## మాటలూ భాషా

లాటిన్ పద్యానికీ మన ఛందస్సుకూ పోలిక ఉందా?

ఉంది. ప్రాచీన లాటిన్ ఛందస్సు కూడా మనలాగే గురులఘువుల మీద నడుస్తుంది. దీర్ఘమైతే గురువు, హ్రస్వం తర్వాత రెండు హల్లులొస్తే గురువు. వృత్త పద్యం చదివినవాళ్లకు ఈ నియమం కొత్తగా అనిపించదు.

అంబ్రోజ్ వాడిన పాదంలో ఎనిమిది అక్షరాలు, చరణానికి నాలుగు పాదాలు. తె లూచిస్, వేనీ క్రెయాతోర్, కొందితోర్ అన్నీ ఈ కొలతవే. అందుకే ఒకదాని మెట్టులో ఇంకోదాని మాటలు పాడినా సరిపోతాయి, పాడేవారు కూడా. పాంజె లింగ్వాలో 8, 7 అక్షరాల పాదాలు మారి మారి వస్తాయి. అది రోమన్ సైనికులు నడుస్తూ పాడుకున్న పాటల కొలత నుంచి వచ్చింది. కాలక్రమంలో లాటిన్ మాట్లాడేవాళ్ల నోట హ్రస్వ దీర్ఘాల తేడా చెరిగిపోయింది. దాంతో తర్వాతి కవులు గురులఘువులు వదిలి, ఊనికతో, అక్షరాల లెక్కతో, అంత్యప్రాసతో రాశారు.

ఆవె మారిస్ స్తెల్లా అర్థమేమిటి? అందులో అంత గొప్పేముంది?

"సముద్రపు నక్షత్రమా, నీకు వందనం" అని మరియమ్మను పిలవడం. ఏడు చరణాలు, పాదానికి ఆరే అక్షరాలు. ఇంత చిన్న పాదంలో కవి చేసిన పని రెండో చరణంలో చూడాలి. గాబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన మొదటి మాట ఆవె. లాటిన్ లిపిలో దాన్ని (Ave) వెనక నుంచి చదివితే ఏవా (Eva), అంటే హవ్వ. "గాబ్రియేలు నోటి నుంచి ఆ ఆవెను అందుకుని, హవ్వ పేరును తిప్పివేస్తూ, మమ్మల్ని శాంతిలో నిలుపు" అంటాడు. మొదటి స్త్రీ వల్ల వచ్చిన కష్టాన్ని రెండో స్త్రీ తిరగేసిందన్న నమ్మకమంతా మూడు లాటిన్ లిపి అక్షరాల తిరగేతలో పెట్టేశాడు. చిత్రకవిత్వం ఇష్టమున్న తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పాలా?

విక్తోరియా పాలిఫొనీ మొదలయ్యేది సరిగ్గా ఈ చరణంతోనే.

లాటిన్ ఎలా పలకాలి?

ఇప్పుడు ఎక్కువమంది వాడేది రోమ్ చర్చి ఉచ్చారణ. ఎ, ఇ ధ్వనుల ముందు సి అక్షరం చ అవుతుంది, జి అక్షరం జ అవుతుంది. జి, ఎన్ కలిసొస్తే ఞ: ఆగ్నుస్ అని రాసి ఆఞుస్ అని పలకాలి. మనకు కలిసొచ్చే విషయం, త, ద అక్షరాలు మన దంత్యాల్లాగే ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకునేది మనకు పుట్టుకతోనే వచ్చింది.

మనం జాగ్రత్తపడాల్సింది మాట చివర. తెలుగు అజంత భాష. హల్లుతో ముగిసే మాట చివర మన నోరు తెలియకుండానే ఒక ఉకారం చేరుస్తుంది: లూమెన్ కాస్తా లూమెను, స్పిరితుస్ కాస్తా స్పిరితుసు. నెమ్మది పాటలో అది బాగా బయటపడుతుంది.

టాలిస్, బర్డ్ కాలంలో ఇంగ్లండ్‌వాళ్లు లాటిన్‌ను ఇంగ్లీషు ధోరణిలోనే పలికేవారు. కొన్ని బృందాలు ఆ పాత ఉచ్చారణతోనే పాడతాయి. రెండు రికార్డింగుల్లో అదే మాట వేరుగా వినిపిస్తే కారణం అదే కావచ్చు.

ప్రార్థన పుస్తకంలో క్రెయాతోర్ ఆల్మె అని ఉంది, రికార్డింగ్‌లో కొందితోర్ ఆల్మె అంటున్నారు. ఏది సరైనది?

పాతది కొందితోర్. పోప్ ఎనిమిదో అర్బన్ కాలంలో స్తుతి గీతాలను ప్రాచీన రోమన్ కవుల ఛందస్సుకు తగ్గట్టు దిద్దారు, 1632లో ఆ దిద్దిన పాఠాలు వచ్చాయి. అందులో ఈ పాట దాదాపు మొత్తం మారిపోయింది. రినైసాన్స్ స్వరకర్తలు స్వరాలు కట్టింది పాత మాటలకు. ఆ దిద్దుబాటు మీద "లాటిన్ వచ్చింది, భక్తి పోయింది" అనే మాట పుట్టింది. నాకూ అదే అనిపిస్తుంది. వందల ఏళ్లు నోట నలిగిన మాటకు వ్యాకరణం పేరుతో కత్తెర వేయకూడదు. పాడేటప్పుడు మీ స్కోర్‌లో ఏ పాఠం ఉందో చూసుకుని, చాంట్ చరణాలకూ అదే పాఠం తీసుకోండి.

దో రె మి ఒక స్తుతి గీతం నుంచి వచ్చిందట?

అవును. బాప్తిస్మమిచ్చు యోహాను మీద రాసిన ఉత్ క్వెయాంత్ లాక్సిస్ అనే పాటలో ఒక్కో పాదఖండం ముందుదాని కంటే ఒక స్వరం పైన మొదలవుతుంది. 11వ శతాబ్దంలో గ్విదో ద అరెత్సో అనే సన్యాసి ఆ మొదటి అక్షరాలనే స్వరాల పేర్లుగా పెట్టి పిల్లలకు నేర్పాడు: ఉత్, రె, మి, ఫా, సోల్, లా. ఉత్ తర్వాత దో అయింది, ఏడోది సి కూడా తర్వాతే చేరింది. రినైసాన్స్ గాయకులందరూ చిన్నప్పుడు ఈ ఆరింటితోనే సాధన చేశారు.

## మనుషులూ చరిత్రా

పాలెస్ట్రీనాకూ విక్తోరియాకూ ఒకే పేరుతో పుస్తకాలున్నాయి. అవి ఒకటేనా?

వేర్వేరు. హిమ్ని తోతియుస్ ఆన్ని అంటే "ఏడాది పొడవునా పాడే స్తుతి గీతాలు". విక్తోరియాది 1581లో, పాలెస్ట్రీనాది 1589లో, రెండూ రోమ్‌లోనే వచ్చాయి. పండగల వరుసలో ప్రతి వెస్పర్స్‌కూ ఒక పాట ఉండేలా కూర్చినవి. పాలెస్ట్రీనా చివరి చరణంలో తరచుగా ఒకటో రెండో గొంతులు పెంచుతాడు, పాట నిండుగా ముగుస్తుంది. విక్తోరియా పాంజె లింగ్వాకు రోమన్ మెట్టుతో పాటు తన దేశపు మెట్టులో కూడా ఒకటి కట్టి, "స్పానిష్ రీతిలో" అని రాసుకున్నాడు. రోమ్‌లో కూర్చుని చిన్నప్పుడు స్పెయిన్‌లోని ఆవిలాలో విన్న మెట్టును మర్చిపోలేదు.

పాలెస్ట్రీనా పాలిఫొనీని నిషేధం నుంచి కాపాడాడన్న కథ నిజమేనా?

కథే. కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభలో (1545–1563) చర్చి సంగీతం మీద చర్చ జరిగింది, మాటలు అర్థమయ్యేలా పాడాలన్న ఆందోళన నిజంగానే ఉంది. కానీ పోప్ మార్సెల్లుస్ పేరుతో పాలెస్ట్రీనా కట్టిన ఒక్క మాస్ విని సభ మనసు మార్చుకుందన్నది తర్వాత అల్లిన కథ.

ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ దేశం అయ్యాక కూడా టాలిస్, బర్డ్ లాటిన్‌లో ఎలా రాశారు?

1549లో ఆరాధన ఇంగ్లీషులోకి మారింది. మేరీ రాణి ఏలిన కొద్ది ఏళ్లు లాటిన్ తిరిగొచ్చింది, ఎలిజబెత్ రాణితో మళ్లీ ఇంగ్లీషు. టాలిస్ ఎనిమిదో హెన్రీ నుంచి ఎలిజబెత్ దాకా నలుగురి కొలువులోనూ పనిచేసి అన్ని మార్పులూ చూశాడు. ఎలిజబెత్‌కు లాటిన్ బాగా వచ్చు, సంగీతం ఇష్టం. 1575లో టాలిస్, బర్డ్‌లకు 21 ఏళ్లపాటు సంగీతం అచ్చువేసే ప్రత్యేక హక్కు ఇచ్చింది. అదే ఏడు ఇద్దరూ కలిసి 34 పాటలతో కాన్తియోనెస్ సాక్రె ప్రచురించారు. తె లూచిస్, ఓ నాతా లుక్స్ ఉన్నది అందులోనే.

బర్డ్ కథ ఇంకా బరువైనది. అతను కాథలిక్‌గానే మిగిలాడు. దొంగచాటుగా పెద్దిళ్లలో జరిగే పూజల కోసం 1605, 1607లో గ్రాదువాలియా అనే రెండు సంపుటాలు వేశాడు. 1605లో ఒక ఫ్రెంచి యాత్రికుడి దగ్గర బర్డ్ పుస్తకాలు దొరికాయని జైల్లో పెట్టారు. ఆ సంపుటంలోని ఆవె మారిస్ స్తెల్లాకు మూడే గొంతులు. తలుపులు మూసుకుని నలుగురైదుగురు చేరే గదికి సరిపడే పాట.

ఆడవాళ్లు పాడేవారు కాదా?

చర్చిల్లో పై గొంతు అబ్బాయిలదో, సన్నగొంతుతో పాడే మగవాళ్లదో. కన్యకామఠాల్లో మాత్రం అన్నీ ఆడవాళ్లే పాడేవారు. ఇటలీలో ఫెర్రారాలోని సాన్ వితో మఠం పాటకు దూరదూరాల నుంచి వచ్చేవారు. ఆ మఠానికే చెందిన రఫాయెల్లా అలెయోత్తి 1593లో తన లాటిన్ భక్తి గీతాల సంపుటి ప్రచురించింది.

మన తెలుగు చర్చిల్లో ఎప్పుడైనా లాటిన్ పాటలు ఉన్నాయా?

కాథలిక్ చర్చిల్లో ఉన్నాయి. రెండో వాటికన్ మహాసభ (1962–1965) దాకా పూజ లాటిన్‌లోనే జరిగేది. పాంజె లింగ్వా చివరి రెండు చరణాలైన తాంతుమ్ ఎర్గో దివ్యసత్ప్రసాద ఆశీర్వాదంలో వచ్చేది. మీ ఇంట్లో ఎనభై దాటిన కాథలిక్ పెద్దవాళ్లుంటే మొదటి పాదం ఎత్తుకుని చూడండి, మిగతాది వాళ్లు అందుకోవచ్చు. ప్రొటెస్టెంట్ చర్చిలకు లాటిన్‌తో సంబంధం లేదు, వారి సంపద తెలుగు క్రైస్తవ కీర్తనలు.

## పాడాలనుకుంటే

మాలో నొటేషన్ చదవడం వచ్చినవాళ్లు ఇద్దరే. కుదురుతుందా?

కుదురుతుంది. ముందు అందరూ చాంట్ మెట్టును చెవితో నేర్చుకోండి. ఒక వారం చాంట్ మాత్రమే పాడండి. తర్వాత ఒక్కో గొంతుకూ వాళ్ల బాణీ ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వండి. ఎవరి బాణీ వాళ్లకు కంఠస్థం అయ్యాకే కలపండి. సగం సగం వచ్చినప్పుడు కలిపితే పక్కవాళ్ల బాణీలోకి జారిపోతారు, అందరికీ టెన్షన్.

ఏ పాటతో మొదలుపెట్టాలి?

ముగ్గురు నలుగురే ఉంటే దుఫై స్తుతి గీతాల్లో ఒకటి. నాలుగు గొంతులు నిండితే విక్తోరియా లేదా పాలెస్ట్రీనా నుంచి ఒక్క చరణం. పూర్తి పాట పెట్టుకోకండి. మిగతా చరణాలు చాంట్‌లో పాడుకోవచ్చు, అది ఈ పాటల పద్ధతికి విరుద్ధం కాదు.

ఐదు గొంతులున్నవాళ్లు ఓ నాతా లుక్స్ ప్రయత్నించండి. గొంతులన్నీ దాదాపు ఒకేసారి మాట పలుకుతాయి కాబట్టి లెక్క తప్పే భయం తక్కువ. చివర్లో ఒకే స్వరం ఒక గొంతులో మామూలుగా, ఇంకో గొంతులో అర్ధస్వరం పైన వచ్చి రాసుకుంటాయి. మొదటిసారి అందరూ ఎవరో తప్పు పాడారనుకుని ఆగిపోతారు, మేమూ ఆగిపోయాం. అది తప్పు కాదు, టాలిస్ కావాలని పెట్టింది. మెత్తబరచకుండా ధైర్యంగా పాడండి.

స్కోర్లు ఉచితంగా దొరుకుతాయా?

దొరుకుతాయి. కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ, ఐఎంఎస్ఎల్‌పీ అనే రెండు సైట్లలో చాలా ఉన్నాయి. సంగీతానికి కాపీరైట్ లేదు గానీ, ఇప్పటి సంపాదకులు తయారుచేసిన ప్రతికి షరతులుండొచ్చు. అచ్చు తీసేముందు మొదటి పేజీ అడుగున చదవండి. చాంట్ చరణాలు లేని ప్రతులు చాలా ఉంటాయి, అవి విడిగా తెచ్చుకోవాలి.

శ్రుతి చాలా ఎక్కువగా ఉంది. తగ్గించొచ్చా?

తగ్గించండి. అప్పట్లో స్థిరమైన శ్రుతి లేదు. రాసిన స్వరం గొంతుల మధ్య దూరాన్ని చెబుతుంది, ఎంత ఎత్తున పాడాలో చెప్పదు. మీ బృందంలో పై గొంతుకూ కింది గొంతుకూ ఇద్దరికీ సుఖంగా ఉన్నచోట పెట్టుకుని, చాంట్‌ను కూడా దానికి సరిపోయే శ్రుతిలోనే ఎత్తుకోండి.

ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి? స్కోర్‌లో ఏమీ రాయలేదు.

అప్పుడు రాసే అలవాటు లేదు. మాటను వినండి. మీ దగ్గర మెట్టు ముక్క మొదలైతే కాస్త ముందుకు రండి, అది అయిపోయాక వెనక్కి తగ్గి పక్కవాళ్లకు చోటివ్వండి. బాణీ పైకి వెళ్తే గొంతు దానంతట అదే పెరుగుతుంది, అంతకు మించి తోయకండి. గమకం, వణుకు రెండూ వద్దు. నాలుగు గొంతుల్లో ఒక్కటి కదిలినా హార్మొనీ మసకబారుతుంది. కర్ణాటక సాధన ఉన్నవాళ్లకు ఇది మొదట్లో కష్టం. తంబురా శ్రుతి పెట్టుకుని ఒక్కో స్వరాన్ని కదలకుండా నిలబెట్టే అభ్యాసం చేయిస్తే పది రోజుల్లో దారికొస్తారు.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? పాదాలు పొడుగ్గా ఉన్నాయి.

చాంట్ చరణంలో అందరూ కలిసి పాదం చివర తీసుకోండి. పాలిఫొనీలో ఒకే గొంతు పాడే ఇద్దరు ముగ్గురు ఒకేసారి తీసుకోకూడదు, ఒకరు తీసుకుంటుంటే ఇంకొకరు స్వరాన్ని మోయాలి. మాట మధ్యలో, కొత్త ముక్క ఎత్తుకునే ముందు క్షణంలో తీసుకోవద్దు. ఎవరు ఎక్కడ తీసుకుంటారో పెన్సిల్‌తో స్కోర్ మీద గుర్తు పెట్టుకోండి. గొంతుకు ఒక్కరే ఉన్న బృందమైతే, అర్థం తెగని చోట స్వరాన్ని కొద్దిగా ముందే వదిలి ఊపిరి తీసుకోండి. మిగతా గొంతులు మోగుతూనే ఉంటాయి కాబట్టి ఆ ఖాళీ ఎవరికీ వినిపించదు.